ఉన్నత విద్యకు ఆదాయ ప్రాతిపదిక ఉపకార వేతనాలు: గీత ఎక్కడ, సొమ్ము ఎప్పుడు

కుటుంబ వార్షికాదాయం నిర్ణీత పరిమితికి లోబడి ఉన్న విద్యార్థికి, తిరిగి చెల్లించనవసరం లేని రూపంలో ప్రభుత్వం గాని విద్యాసంస్థ గాని అందించే ధనసహాయాన్ని ఆదాయ ప్రాతిపదిక ఉపకార వేతనం అంటారు. దేశంలో ఇది రెండు పాయలుగా నడుస్తోంది. కళాశాలకు చెల్లించవలసిన బోధన రుసుమును ప్రభుత్వమే భరించడం మొదటిది. విద్యార్థి తిండికి, వసతికి, పుస్తకాలకు ఇచ్చే నిర్వహణ భత్యం రెండవది. మార్కులను బట్టి ఇచ్చే ప్రతిభా పురస్కారాలు, వడ్డీ రాయితీతో కూడిన విద్యారుణాలు వీటికి దగ్గరివే అయినా స్వభావరీత్యా వేరు. తెలుగులో స్థిరపడిన ‘ఉపకార వేతనం’ అన్న మాట కొంత చిత్రమైనది. దీనిలో వేతనమూ లేదు, ఎవరో దయతో చేసే ఉపకారమూ లేదు. ఉత్తర్వులలో నిర్దేశించిన అర్హతలు ఉన్న ప్రతి విద్యార్థికీ అందవలసిన సొమ్ము ఇది.

అర్హత ఉండడం ఒకటి, అవసరమైన రోజున సొమ్ము చేతిలో ఉండడం మరొకటి. ఈ రెంటి మధ్య దూరం ఎంతటిదో 2024లో సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యం దేశమంతటికీ తెలియజేసింది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన దినకూలీ కుమారుడు, దళిత విద్యార్థి, ధన్‌బాద్ ఐఐటీలో సీటు సాధించాడు. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు జూన్ 24వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా చెల్లించాలి. కుటుంబం చివరి గడియ వరకు అప్పు కోసం తిరిగింది. సొమ్ము సమకూరేసరికి గడువు ముగిసింది, సీటు పోయింది. సెప్టెంబరు 30న నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకు గల విశేషాధికారాన్ని వినియోగించి, ఆ విద్యార్థికి ప్రవేశం కల్పించవలసిందిగా ఆదేశించింది. ఐఐటీలలో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు బోధన రుసుము పూర్తిగా మినహాయింపే. నాలుగేళ్ల చదువుకు అడ్డురాని పేదరికం మొదటి నాలుగు రోజుల గడువుకు అడ్డువచ్చింది.

ఎనిమిది దశాబ్దాల పథకం

దేశంలో ఈ తరహా సహాయానికి పునాది స్వాతంత్ర్యానికి పూర్వమే పడింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్, షెడ్యూల్డు కులాల సమస్యలపై 1942లో ప్రభుత్వానికి సమర్పించిన విజ్ఞాపన పత్రంలో ఉన్నత విద్యకు ధనసహాయం ఆవశ్యకతను వివరించారు. షెడ్యూల్డు కులాలకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల పథకం 1944లో ఆరంభమైంది. పదవ తరగతి అనంతరం ఇంటర్మీడియట్ నుంచి పరిశోధన వరకు అన్ని దశలకూ వర్తించే ఈ పథకం నేటికీ కొనసాగుతోంది. గిరిజనులకు, వెనుకబడిన తరగతులకు ఉద్దేశించిన పోస్ట్ మెట్రిక్ పథకాలు దీని ఒరవడిలో రూపొందినవే.

2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని పునర్వ్యవస్థీకరించింది. ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించి, అందులో 60 శాతాన్ని, అనగా 35,534 కోట్లను, కేంద్రం భరిస్తుందని ప్రకటించింది. మిగిలినది రాష్ట్రాల వాటా. ఈశాన్య రాష్ట్రాలకు ఈ నిష్పత్తి 90:10. పదవ తరగతి తరువాత చదువు మానివేస్తున్న 1.36 కోట్ల నిరుపేద విద్యార్థులను ఉన్నత విద్యలోకి తీసుకురావడం లక్ష్యంగా పేర్కొన్నారు. కొత్త విధానంలో ఒక ముఖ్యమైన మెలిక ఉంది. రాష్ట్రం తన 40 శాతాన్ని విడుదల చేసినట్లు నిర్ధారణ అయిన తరువాతనే కేంద్రం తన వాటాను నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో జమ చేస్తుంది. రాష్ట్రాలు తమ బాధ్యతను దాటవేయకుండా ఉండేందుకు ఈ నిబంధన ఉపకరిస్తుంది. అయితే రాష్ట్ర ఖజానాలో జాప్యం జరిగినప్పుడు విద్యార్థి రెండు వాటాలకూ ఎదురుచూడవలసి వస్తుంది.

ఈ పథకం కింద వసతిగృహంలో ఉండి వృత్తివిద్యా కోర్సు చదివే విద్యార్థికి ఏడాదికి 13,500 రూపాయలు, ఇంటి నుంచి వెళ్లివచ్చే విద్యార్థికి 7,000 రూపాయలు భత్యంగా లభిస్తాయి. సాధారణ డిగ్రీ విద్యార్థికి అవి వరుసగా 6,000, 3,000 రూపాయలు. పన్నెండు నెలలకు పంచితే, వసతిగృహంలోని డిగ్రీ విద్యార్థికి నెలకు 500 రూపాయలు. ఏ నగరంలోనైనా విద్యార్థి మెస్ బిల్లు పక్కన ఈ అంకెను ఉంచి చూస్తే వ్యత్యాసం తెలుస్తుంది. బోధన రుసుము చెల్లింపునకు ప్రభుత్వాలు ఇచ్చిన ప్రాధాన్యం జీవన వ్యయానికి ఇవ్వలేదన్నది స్పష్టం.

కులంతో నిమిత్తం లేకుండా ఆదాయాన్ని, మార్కులను కలిపి చూసే పథకం కూడా కేంద్రానికి ఉంది. ఇంటర్మీడియట్‌లో తమ బోర్డు పరిధిలో 80వ పర్సంటైల్‌కు పైగా నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల రూపాయలకు మించని డిగ్రీ విద్యార్థులకు ఏటా 82,000 కొత్త ఉపకార వేతనాలు ఇస్తారు. వీటిలో సగం బాలికలకు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, స్నాతకోత్తర స్థాయిలో 20,000 రూపాయలు లభిస్తాయి. ఏటేటా పునరుద్ధరణకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు తప్పనిసరి. దూరవిద్య అభ్యసించేవారు దీనికి అర్హులు కారు. పగలు పనిచేసి దూరవిద్యలో చదివే వారిలో పేదలు తక్కువేమీ కానందున ఈ మినహాయింపు ఆలోచింపదగినది.

రెండున్నర లక్షల గీత

పోస్ట్ మెట్రిక్ పథకంలో షెడ్యూల్డు కులాల, గిరిజన విద్యార్థుల కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. 2013లో 2 లక్షల నుంచి ఈ స్థాయికి పెంచిన తరువాత అది కదలలేదు. వెనుకబడిన తరగతుల కేంద్ర పథకానికి కూడా ప్రస్తుతం ఇదే పరిమితి.

రెండున్నర లక్షలంటే నెలకు సుమారు 20,800 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ రోజుకు 420 రూపాయల చొప్పున ఏడాదిలో 300 రోజులు కూలికి వెళితే వారి ఆదాయం 2,52,000 రూపాయలు అవుతుంది. లెక్క ప్రకారం ఆ కుటుంబం గీత దాటినట్లే. ఏటా ధరలు, కూలిరేట్లు పెరుగుతూ పరిమితి మాత్రం స్థిరంగా ఉంటే, ఏ ఉత్తర్వూ వెలువడకుండానే అర్హుల సంఖ్య తరుగుతూ పోతుంది. పరిమితిని పెంచాలని పార్లమెంటరీ సంఘాలు సైతం సిఫారసు చేశాయి.

ఆదాయం అన్న మాటకు అన్ని చోట్లా ఒకే అర్థం లేకపోవడం మరో చిక్కు. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లలో సంపన్న శ్రేణిని నిర్ణయించే పరిమితిని 2017 సెప్టెంబరులో 6 లక్షల నుంచి 8 లక్షలకు పెంచారు. 1993 నాటి ఉత్తర్వుల ప్రకారం ఆ లెక్కలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటాకు కూడా పరిమితి 8 లక్షలే. అయితే అక్కడ జీతం, వ్యవసాయం, వ్యాపారం, వృత్తి అన్నింటినీ కలుపుతారు. ఐదెకరాల సేద్యపు భూమి ఉన్నా అనర్హులే. ఉపకార వేతనాలకు వచ్చేసరికి పరిమితి ఇందులో మూడవ వంతు కూడా లేదు. ఈ కారణంగా ఒకే ఇంటి విద్యార్థి సీటు విషయంలో బలహీన వర్గంగాను, రుసుము విషయంలో స్థోమత గల కుటుంబంగాను పరిగణన పొందవచ్చు.

దేశంలో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్నందున ఆదాయాన్ని రుజువు చేసే పత్రాలు వారి వద్ద ఉండవు. రెవెన్యూ సిబ్బంది విచారణపై తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రమే ఆధారం. నెలజీతం తీసుకునే చిరుద్యోగి ఆదాయం పైసలతో సహా కాగితం మీద కనబడుతుంది. రొక్కంలో వ్యాపారం చేసేవారి ఆదాయం అంచనా మాత్రమే. ఒక కార్యాలయంలో అటెండరు బిడ్డకు దక్కని సహాయం అదే వీధిలోని దుకాణదారు బిడ్డకు దక్కే సందర్భాలు ఇందువల్లనే తలెత్తుతాయి.

గీతను మెట్లుగా మార్చడం ఒక పరిష్కారం. 2016లో ఐఐటీల వార్షిక బోధన రుసుమును 90,000 నుంచి 2 లక్షల రూపాయలకు పెంచినప్పుడు ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. షెడ్యూల్డు కులాలు, తెగలు, దివ్యాంగ విద్యార్థులతో పాటు, లక్ష రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాల విద్యార్థులకు పూర్తి మినహాయింపు ఇచ్చారు. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతుల రుసుము తగ్గించారు. ఉన్నదా, లేదా అన్న రెండే గళ్లకన్న ఇది మెరుగు. అయినా చివరి మెట్టు ఎత్తుగానే ఉంది. 4.99 లక్షల ఆదాయం గల ఇంటివారు దాదాపు 66,700 రూపాయలు చెల్లిస్తే, 5.01 లక్షల ఆదాయం గలవారు 2 లక్షలూ చెల్లించాలి. ఆదాయంలో రెండు వేల తేడాకు రుసుములో లక్షా ముప్పై మూడు వేల తేడా వస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వ హయాంలో బోధన రుసుముల చెల్లింపు విస్తృత రూపం దాల్చింది. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్’ అన్న మాట పల్లెల్లో సైతం వాడుకలోకి వచ్చింది. ఇంజనీరింగ్ వంటి వృత్తివిద్యా కోర్సులలో ప్రైవేటు కళాశాల రుసుమును కూడా ప్రభుత్వం భరించడం దీని ప్రత్యేకత. మొదటి తరం విద్యార్థులు వేల సంఖ్యలో వృత్తివిద్యలోకి రావడానికి ఇది దారి తీసింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల విస్తరణకు కూడా ఈ సొమ్మే ఊతమన్న విమర్శ మొదటినుంచీ ఉంది. రెంటిలోనూ వాస్తవం ఉంది.

రాష్ట్ర విభజన అనంతరం రెండు రాష్ట్రాల నిబంధనలు వేరు పడ్డాయి. తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైటు ద్వారా దరఖాస్తులు స్వీకరిస్తున్నారు. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు 2 లక్షలు, వెనుకబడిన తరగతుల వంటి ఇతర వర్గాలకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు ఆదాయ పరిమితిగా నిర్ణయించారు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వచ్చిన వెనుకబడిన తరగతుల విద్యార్థికి పూర్తి రుసుము చెల్లిస్తారు. ర్యాంకు అంతకు మించితే 35,000 రూపాయల వరకే ప్రభుత్వం ఇస్తుంది. కళాశాల రుసుము లక్ష దాటిన చోట తక్కిన సొమ్ము తల్లిదండ్రులదే భారం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పరిమితిని 2.5 లక్షలకు పెంచారు. నల్గొండ జిల్లా పల్లెలో 1.8 లక్షల ఆదాయం గల వెనుకబడిన తరగతుల కుటుంబం ఈ సహాయానికి అనర్హం. కృష్ణానది ఆవలి ఒడ్డున పల్నాడు జిల్లాలో అదే ఆదాయం గల కుటుంబం అర్హం.

సొమ్ము ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ తక్కువ కాలంలోనే పలు సమాధానాలు ప్రయత్నించింది. తొలుత కళాశాల ఖాతాలో జమయ్యేది. విద్యాదీవెన పేరుతో 2021 నుంచి మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో జమచేశారు. కళాశాలను ప్రశ్నించే అధికారం తల్లికి లభిస్తుందన్నది ఆనాటి ప్రభుత్వ వాదన. ఖాతాలో పడిన సొమ్ము కళాశాలకు చేరడం లేదని యాజమాన్యాలు అభ్యంతరం చెప్పాయి. తరువాత తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతా విధానం వచ్చింది. 2024లో ప్రభుత్వం మారిన పిమ్మట తిరిగి కళాశాల ఖాతాకే చెల్లించాలని నిర్ణయించారు. వసతి దీవెన పేరుతో నిర్వహణ ఖర్చులకు ఐటీఐ విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపై కోర్సులకు 20,000 రూపాయలు ఏటా నిర్ణయించడం ఈ క్రమంలోని మేలైన అంశం. కేంద్ర భత్యం కన్న అది అవసరానికి కొంత దగ్గరగా ఉంది. కాగా 2020లో ప్రైవేటు కళాశాలల స్నాతకోత్తర విద్యార్థులను రుసుము చెల్లింపు పరిధి నుంచి తప్పించడంతో పీజీ చేరికలపై ప్రభావం పడిందని విద్యార్థి సంఘాలు ఆందోళనలు నిర్వహించాయి.

ఎవరి ఖాతా అన్న దానికన్నా తీవ్రమైన సమస్య బకాయిలది. రెండు రాష్ట్రాలలోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఒక విద్యా సంవత్సరపు సొమ్ము మరుసటి సంవత్సరానికో ఆ పై సంవత్సరానికో జరిగిపోవడం పరిపాటి అయింది. 2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిల విడుదల కోరుతూ తరగతులను నిలిపివేశాయి. ప్రభుత్వంతో చర్చల అనంతరం తిరిగి తెరుచుకున్నాయి. బకాయి కళాశాలకూ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారమే అయినా దాని బరువు మోసేది విద్యార్థి. కోర్సు పూర్తయినా, ఉద్యోగం వచ్చినా, రుసుము అందలేదన్న కారణంతో ధ్రువపత్రాలు కళాశాల బీరువాలోనే ఉండిపోతున్నాయన్న ఫిర్యాదులు ఏటా వస్తూనే ఉన్నాయి. అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులోనే స్పష్టం చేసింది. బయట అప్పు చేసి ‘ముందు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అన్న షరతుకు తలొగ్గే కుటుంబానికి ఉపకార వేతనం వడ్డీ పోను మిగిలిన మొత్తమే.

పొరుగు దేశాలు

శ్రీలంకలో సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర ప్రవేశపెట్టిన ఉచిత విద్యా విధానం 1940ల నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో బోధన రుసుము లేదు. అందువల్ల అక్కడి సహాయమంతా జీవన వ్యయానికే. మంత్రి లలిత్ అతులత్‌ముదలి చొరవతో 1981లో ఏర్పడిన మహాపొల నిధి, కుటుంబ ఆదాయాన్ని, ప్రతిభను చూసి ఎంపిక చేసిన విద్యార్థులకు ప్రతి నెలా భత్యం చెల్లిస్తుంది. మహాపొల దక్కని అర్హులకు వేరుగా బర్సరీ ఉంది. ఆర్థిక సంక్షోభంలో ధరలు పెరిగి ఆ భత్యం విలువ కరిగిపోగా, 2025 బడ్జెట్‌లో మహాపొలను నెలకు 5,000 నుంచి 7,500 శ్రీలంక రూపాయలకు పెంచారు.

పాకిస్తాన్ 2019 నవంబరులో అహ్‌సాస్ పేరుతో డిగ్రీ విద్యార్థులకు ఏటా 50,000 చొప్పున నాలుగేళ్లలో 2 లక్షల ఉపకార వేతనాల పథకాన్ని ప్రారంభించింది. నెలకు 45,000 పాకిస్తానీ రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు ఉద్దేశించిన ఈ పథకంలో సగం విద్యార్థినులకు కేటాయించారు.

రుణం, రాయితీ

ఉపకార వేతనం గీతకు కొద్దిగా పైన ఉన్న కుటుంబాలకు ఇటీవల కేంద్రం చూపుతున్న మార్గం విద్యారుణం. 2024 నవంబరు 6న మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో చేరిన విద్యార్థులకు హామీదారు, తనఖా లేకుండా రుణం లభిస్తుంది. 7.5 లక్షల రూపాయల వరకు రుణంపై బ్యాంకులకు 75 శాతం పూచీ ప్రభుత్వానిది. ఆదాయం 8 లక్షల లోపు ఉండి ఇతర సహాయం పొందని విద్యార్థులకు, 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. ఏటా లక్ష మంది దీనికి అర్హులు. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తివిద్య చదివేవారికి ఆ కాలపు వడ్డీ పూర్తిగా మాఫీ. తల్లిదండ్రుల ఆదాయం చూసి రాయితీ నిర్ణయించినా, అసలు తీర్చవలసినది మాత్రం విద్యార్థి రేపటి ఆదాయం నుంచే.

దరఖాస్తుదారులు గమనించవలసినవి

కేంద్ర పథకాలకు 2015లో ప్రారంభమైన జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ముందుగా ఆధార్ ఆధారంగా ఒకేసారి నమోదు పూర్తిచేసుకుని సంఖ్య పొందాలి. రాష్ట్ర పథకాలకు ఆయా రాష్ట్రాల వెబ్‌సైట్లు వేరు. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవ కేంద్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోను దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశాల వేళ తహసీల్దారు కార్యాలయాలలో రద్దీ ఉంటుంది గనుక ఫలితాలు రాకముందే పత్రం సిద్ధం చేసుకోవడం మేలు.

నేరుగా నగదు బదిలీలో సొమ్ము ఆధార్‌తో చివరిసారిగా అనుసంధానమైన ఖాతాకు వెళుతుంది. దరఖాస్తులో రాసిన ఖాతా ఒకటి, అనుసంధానమైన ఖాతా మరొకటి అయినప్పుడు డబ్బు రాలేదన్న ఆందోళన కలుగుతుంది. పేరులో ఒక అక్షరం పదవ తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉన్నా దరఖాస్తు నిలిచిపోవచ్చు. కళాశాల స్థాయిలో పరిశీలన పూర్తికాని దరఖాస్తు పై స్థాయికి చేరదు కాబట్టి, సమర్పించిన తరువాత దాని స్థితిని విద్యార్థి స్వయంగా చూసుకుంటూ ఉండాలి.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మరో సదుపాయం ఉంది. పోస్ట్ మెట్రిక్ పథకం మార్గదర్శకాలలో ‘ఫ్రీషిప్ కార్డు’ను పొందుపరిచారు. ఈ కార్డు గల అర్హులైన విద్యార్థులు బోధన, వసతిగృహ రుసుములను ముందుగా చెల్లించకుండానే ప్రవేశం పొందవచ్చు. ఉపకార వేతనం ఖాతాలో జమ అయిన తరువాత కళాశాలకు ఇవ్వవలసినది చెల్లిస్తే సరిపోతుంది. కార్డు కోసం రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయాన్ని ప్రవేశాల కౌన్సెలింగ్‌కు ముందే సంప్రదించాలి.